దిండు కింద వంటమేస్త్రి

మా ఇంటి ప్రార్థన పుస్తకానికి మా నాయనమ్మ నల్లతోలుతో జిప్ కవరు కుట్టించింది. అచ్యుతాపురం కంపెనీలో నేను స్టోర్స్ చూసే రోజుల్లో ఆ కవరు బస్సులో ఎప్పుడూ నా ఒళ్ళోనే ఉండేది. లోపల ఉండేది మాత్రం ప్రార్థన పుస్తకం కాదు, అద్దెకు తెచ్చుకున్న హత్యల నవల. ఒక శనివారం సాయంత్రం ఆ కవరు నా చేతిలోంచి వెళ్ళి, బాలింత జ్వరంతో ప్రాణం మీదికి తెచ్చుకున్న ఒక ఆడమనిషి తలకింద చేరింది. ఆమెకు ఏమైనా అయ్యేలోపు, లోపల ఏముందో ఎవరైనా చూసేలోపు, దాన్ని వెనక్కి తెచ్చుకోవాలని మర్నాడు బయల్దేరాను.

అసలు అలా ఎందుకు పెట్టుకు తిరిగానో ముందు చెప్పాలి.

తుమ్మపాల వైపు మా తాతగారికి చెరుకు భూములుండేవి. చర్చిలో ముందు వరస టేకుబల్ల ఆయన చేయించి ఇచ్చిందే. దానిమీద మా ఇంటివాళ్ళు తప్ప ఇంకొకరు కూర్చునేవారు కాదు. భూములు మా నాన్నగారి కాలంలో పోయాయి. ఎలా పోయాయో అనకాపల్లిలో నా వయసువాళ్ళందరికీ తెలుసు, నేను రాయనక్కర్లేదు. బల్ల మిగిలింది. ఆదివారం నేనొక్కణ్ణే దానిమీద కూర్చునేవాణ్ణి, నలుగురు పట్టే చోట. వెనకవాళ్ళు ఇరుక్కుని కూర్చున్నా ముందుకు రమ్మని నేను పిలవలేదు, వాళ్ళూ రాలేదు.

కంపెనీ బస్సులో అలాంటి ఏర్పాటేమీ లేదు. ముందెక్కినవాడిదే సీటు. గొలుగొండ వైపు నుంచి, నర్సీపట్నం వైపు నుంచి వచ్చి అనకాపల్లిలో గదులు తీసుకున్నవాళ్ళు ఎక్కువగా ఉండేవారు. అందరూ ఒకరికొకరు బావలూ మామలే. నేను ఎక్కగానే వెనక సీట్లలోంచి మాటలు మొదలయ్యేవి.

"జరగండెహె, దొరగారొత్తన్నారు."

"దొరగారూ, సీటుకి జేరబడరేటండి? దానికేటైనా కరెంటుందా?"

"ఆరికి ఎనక ఓ మనిషి నిలబడి ఇసనకర్ర ఇసరాల బావా. అప్పుడు జేరబడతారు."

దొరగారు అన్నది గౌరవం కాదని నాకు తెలుసు. అయినా పలికేవాణ్ణి. పలకకపోతే ఓడిపోయినట్టుండేది.

అలాంటివాళ్ళ మధ్య అద్దె నవల, అందులోనూ అట్ట బొమ్మ కూడా లేని నవల, చేత్తో పట్టుకుని కూర్చోవడం నావల్ల కాలేదు. ఇంటికి తీసుకెళ్ళి చదువుకోవచ్చు కదా అంటే, చదవడం ఆపలేకపోయాను. అది అలాంటి నవల.

మెయిన్ రోడ్డు పక్క సందులో ఒక అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. టీవీ సీరియళ్ళు వచ్చాక అక్కడికి వెళ్ళేవాళ్ళు బాగా తగ్గిపోయారు. కొట్టతను ఆ నవలను నాకిస్తూ, "తీసుకెళ్ళండి బాబుగారూ. నవ్వాలో బయపడాలో తెలీదు. నానైతే రెండూ సేసేను," అన్నాడు. ముఖపత్రం లేదు, మొదటి ఆకు లేదు, రాసినవారి పేరు లేదు. దళసరి అట్టలు వేసి బైండు చేయడం వల్ల అచ్చం మా ప్రార్థన పుస్తకం అంత లావుండేది. జిప్ కవరులో కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

ఎవరైనా పోతే చేసే పెద్దదినాలకు వండే ఒక వంటమేస్త్రి కథ అది. అతని చేతి గుమ్మడికాయ దప్పళం కోసం జనం పక్క ఊళ్ళ నుంచి కూడా పరామర్శకు వస్తారు. పోయిందెవరో తెలియకపోయినా బంతిలో కూర్చుని కళ్ళు తుడుచుకుంటారు. అలాంటి ఊరికి ఒక మంచి డాక్టరు వచ్చాడు. ముసలివాళ్ళు చావడం మానేశారు. వంటమేస్త్రి పొయ్యి చల్లారింది, గుండిగలు బోర్లించేశాడు. ఒకరోజు సంతలో ఎదురైన ఒక ఆసామిని ఆపి, "తమరికి గారెలిష్టమా, బూరెలా?" అని మర్యాదగా అడిగాడు. ఆసామి బూరెలన్నాడు. ఆయన పెద్దదినం నాడు ఊరంతా బూరెలు తిన్నది.

హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోతుంది. తెలియనిదల్లా దొరుకుతాడా లేదా అన్నదే. విచారణకు వచ్చిన ఇన్‌స్పెక్టరు షుగరు మనిషి, భోజనప్రియుడు. సాక్ష్యాల కోసమని చెప్పి ప్రతి పెద్దదినానికీ మొదటి బంతిలోనే కూర్చుంటాడు. మొదటి గారె తుంచేటప్పుడు అతనికి అనుమానం బలపడుతుంది, రెండోది పడ్డాక తగ్గిపోతుంది. రాసినవాడు ఎక్కడా నవ్వమని అడగడు. చావులన్నీ పంచాయతీ ఆఫీసు గుమాస్తా రాసినట్టు రాసుకుపోతాడు. పేజీ తిప్పే ముందు మాత్రం నా చెయ్యి ఆగిపోయేది. ఈసారి ఆ ప్రశ్న ఎవర్ని అడుగుతాడో అని.

ఒక ఉదయం బస్సు మునగపాక దాటాక, పోయినవాడి తమ్ముడు వంటమేస్త్రి చేతులు పట్టుకుని, "మా అన్నయ్య బతికుండగా ఈ ఇంట్లో ఇంత మంచి భోజనం ఎప్పుడూ తినలేదయ్యా," అని బావురుమనే చోటికి వచ్చాను. నలుగురిలో పెద్దగా నవ్వడం మా ఇంట్లో లేదు. పెదవులు బిగబట్టాను. భుజాలు ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. కవరును ముఖానికి దగ్గరగా పట్టుకుని తలవంచుకున్నాను.

నా పక్కన కూర్చునేవాడు ప్రొడక్షన్‌లో పనిచేసే మనిషి. గొలుగొండ దగ్గర పల్లెలో చెరుకూ వరీ పండించే కుటుంబం. మాట తక్కువ. అతను వెనక్కి తిరిగి మెల్లగా అనడం నాకు వినపడింది.

"ఊరుకోండి. ఆరేడుత్తన్నారు."

"ఎవులు?"

"దొరగారు. ప్రార్థన సేసుకుంటా ఏడుత్తన్నారు."

నాకు నవ్వు ఆగిపోయింది. తల ఎత్తి, కళ్ళు తుడుచుకుని, జిప్ లాగి, కిటికీలోంచి బయటికి చూశాను. ఆ రోజు నుంచి వాళ్ళు నన్ను దొరగారనడం మానేసి పాస్టరుగారనడం మొదలుపెట్టారు. నేను అబద్ధం చెప్పలేదు. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు.

పక్క సీటు మనిషి భార్యకు అప్పుడే అనకాపల్లిలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లవాడు, బాగానే ఉన్నాడు. తల్లికి జ్వరం పట్టుకుంది. మందులు వేస్తే దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. అత్తగారిని మంచం దగ్గర కూర్చోబెట్టి, సెలవులు అయిపోవడంతో అతను డ్యూటీకి వస్తున్నాడు. నుదుటి మీద నూకాలమ్మ కుంకుమ ఉండేది. నన్ను అలా చూసిన మర్నాటి నుంచి, సీట్లో కూర్చోగానే నా ఒళ్ళోని కవరు మీద రెండు వేళ్ళు ఆనించి కళ్ళకద్దుకునేవాడు.

"మీరేటనుకోకండి పాస్టరుగారూ. ఏ దేవుడైతేనేటి, ఇనీవోడు ఇంటాడు."

నేను తల ఊపేవాణ్ణి. అతని వేళ్ళ కింద వంటమేస్త్రి గారెలపిండి రుబ్బుతున్నాడు. నాకు అది నవ్వులాటగా లేదు. సీటు మార్చుకుందామనుకున్నాను. పాస్టరుగారు కష్టంలో ఉన్నవాడి పక్కనుంచి లేచిపోయాడంటారు. కవరు ఇంట్లో వదిలేసి రావచ్చు. కాని నవల చివరికి వచ్చేసింది.

ఆ శనివారం తిరుగు ప్రయాణంలో అతని సెల్‌ఫోన్ మోగింది.

"ఏటి? మళ్ళీ ఎక్కీసిందా? డాకటరుబాబేటన్నాడు? ... ఎప్పుడికి? ... వత్తన్నాను, వత్తన్నాను."

వెనకనుంచి ఒకతను వంగి, "ఏటైనాది బావా?" అన్నాడు.

"జొరం ఎక్కువైపోనాది మామా. రేపు మద్దేనం దాకా సూసి, దిగకపోతే ఇశాపట్నం తీసుకుపోవాలంట. ఒళ్ళంతా ఇసం ఎక్కితే సెప్పలేమన్నాడంట."

అతను నావైపు తిరిగాడు. కవరు మీద ఈసారి అరచెయ్యి పెట్టాడు.

"పాస్టరుగారూ, ఈ పుస్తకం ఓ రెండ్రోజులు ఇయ్యండి. దాని దిండు కింద ఎడతాను. మా ఊళ్ళో ఓ నర్సమ్మ ఇలాగే తన పుస్తకం ఎడితే మా పెద్దప్ప గట్టెక్కినాది."

"రేపు చర్చికి కావాలి," అన్నాను. "అవగానే ఇంకో పుస్తకం నేనే తెచ్చిస్తాను. ఇదే, ఇలాంటిదే."

"ఇంకోటెందుకండీ? మీరు ఏడిసి ప్రార్థన సేసుకున్న పుస్తకం ఇది. దీనికున్న బలం దానికుంటాదా?"

వెనకవాళ్ళు అందుకున్నారు.

"ఇచ్చీండి పాస్టరుగారూ. ఓ ఆదోరం మీ సేతిలో పుస్తకం నేకపోతే దేవుడేటనుకోడు."

"ఆలోసిత్తన్నారేటి? మీ తాతగారైతే అడక్కముందే ఇచ్చీసీవోరంట గదా."

చివరి మాట అన్నవాడు ఎవడో నేను వెనక్కి తిరిగి చూడలేదు. మా తాతగారిని అతనెన్నడూ చూసి ఉండడు. కాని బస్సులో అందరికీ ఆయన సంగతి తెలుసు, నా సంగతి తేలవలసింది ఆ నిమిషంలోనే అన్నట్టు చూస్తున్నారు. జిప్ తీసి, ఇది ప్రార్థన పుస్తకం కాదు, ఇది చూసి నేను ఏడవలేదు అని చెప్పడానికి నోరు తెరిచాను. అతని చెయ్యి ఇంకా కవరు మీదే ఉంది. ఆ చేతి కిందనుంచి కవరు లాక్కుని చూపించడం నాకు సాధ్యం కాలేదు.

"తీసుకో," అన్నాను. "జిప్ మాత్రం తీయొద్దు."

"తీత్తే ఏటవుతాది?"

"తీయకూడదు. అంతే."

ఆ మాటతో పుస్తకం మీద వాళ్ళకు భక్తి ఇంకా పెరిగింది. అతను రెండు చేతులతో తీసుకుని చొక్కా లోపల పెట్టుకున్నాడు. బస్సు ఊళ్ళోకి రాగానే పూర్తిగా ఆగకుండానే దిగి పరిగెత్తాడు.

శకునాలను నేను నమ్మను. మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పిల్లి ఎదురొస్తే మా తాతగారు దాన్ని పలకరించి మరీ వెళ్ళేవారట. అయినా ఆ రాత్రంతా నాకు ఒకటే ఆలోచన. ఒక ఆడమనిషి చావుబతుకుల్లో ఉంటే ఆమె తలకింద పెద్దదినాల వంటవాణ్ణి పెట్టి వచ్చాను. ఆమె పోతే, బట్టలు సర్దేటప్పుడు ఎవరో ఒకరు ఆ జిప్ తీస్తారు. తీసి చదువుతారు.

ఆదివారం చర్చికి కవరులేని ప్రార్థన పుస్తకం పట్టుకెళ్ళాను. ముందు బల్ల మీద కూర్చుంటే అది బట్టలు లేకుండా ఉన్నట్టనిపించింది. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర మా చర్చి అయ్యగారు పుస్తకం వైపు చూసి, "నాయనమ్మగారి కవరేదండీ?" అన్నారు.

"ఒక రోగి దగ్గరికి వెళ్ళింది."

"మంచి పని చేశారు," అన్నారు ఆయన.

అక్కణ్ణించి నేరుగా నర్సింగ్ హోమ్‌కు నడిచాను. చెయ్యవలసింది చిన్న పనే. కవరు ఒక్కసారి చేతికి తీసుకోవాలి, పక్కకు తిరిగి నవల సంచిలో వేసుకోవాలి, ప్రార్థన పుస్తకం లోపల పెట్టి తిరిగి ఇవ్వాలి. మెట్లెక్కుతూ రెండుసార్లు మనసులోనే చేసి చూసుకున్నాను.

మేడమీద పొడుగాటి గదిలో చివరి మంచం ఆమెది. ముఖం పాలిపోయి ఉంది, కళ్ళు మూసుకుని ఉంది. సెలైను ఎక్కుతోంది. పక్కన ముక్కాలి పీట మీద ఆమె తల్లి, ఒళ్ళో పసివాడు. దిండు కిందనుంచి నా కవరు అంచు కొద్దిగా కనపడుతోంది. జిప్ వేసే ఉంది.

"ఎవులండి?" అంది తల్లి.

"మీ అల్లుడితో పనిచేస్తాను. ఆ పుస్తకం నాది."

ఆమె లేవబోయింది. "మీరేనా బాబూ! కూకోండి, కూకోండి. మా వోడు ఇంజీసన్ తెత్తానని ఎల్లేడు. రాతిరంతా పేలిపోయింది బాబూ, ఒళ్ళు. తెల్లారకట్ట నుంచి సల్లబడతన్నాది. డాకటరుబాబు మద్దేనం ఒచ్చి సూసి, ఇశాపట్నం పంపాలో అక్కర్నేదో సెప్తానన్నాడు. అంతా ఈ పుస్తకం సలవే."

"దాన్ని ఒకసారి ఇవ్వండి. ఇదిగో, దీన్ని అందులో పెడతాను. ఇది..." ఇదే అసలుది అనబోయి ఆగాను. "ఇది రోగుల కోసం చదివేది."

ఆమె నా చేతిలోని పుస్తకాన్ని పైనుంచి కిందికి చూసింది.

"పనిసేత్తన్న మందుని మారుత్తారేటి బాబూ?"

"రెండూ ఒకటేనమ్మా."

"ఒకటే అయితే ఇంక మార్సడమెందుకు?"

దానికి మా తాతగారు కూడా జవాబు చెప్పగలిగేవారు కాదనుకుంటాను. ఆమె పసివాణ్ణి ఎడమ భుజానికి మార్చుకుని, కూతురి తల కొంచెం ఎత్తి కవరు బయటికి లాగింది. కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టింది. ఇంకేం, పక్కకు తిరిగితే చాలు.

"ఒచ్చేరు గాబట్టి ఓ ముక్క సదివి ఎల్లండి," అంది. నన్ను పక్క స్టూలు మీద కూర్చోబెట్టి, నా మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా తన పీట జరుపుకుంది. పక్క మంచం దగ్గర ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు కూడా లేచి వచ్చారు. "సదవండి బాబూ," అన్నారు.

జిప్ తీశాను. ఒడిలో కాకుండా ఛాతీకి దగ్గరగా, అక్షరాలు నాకు మాత్రమే కనపడేలా తెరిచాను. రోగుల కోసం చేసే ప్రార్థన మా నాయనమ్మ చిన్నప్పుడే కంఠతా పట్టించింది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. ఒక వాక్యం అయ్యేసరికి ఆమె నా మోచేతి మీద తట్టింది.

"కళ్ళు మూసుకుంటే ఎలగ బాబూ? నోటితో సెప్పింది నోటిమాటే అవుతాది. పుస్తకంలోది కావాల."

కళ్ళు తెరిచాను. చూడక తప్పలేదు. చూశాక చదవకుండా ఉండడం సాధ్యం కాలేదు. నేను శనివారం ఆపిన చోటు కాదది, ఇంకా ముందుకు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టరు ఒక్కడే విస్తరి ముందు కూర్చున్నాడు. బంతిలో ఇంకెవరూ లేరు. తలుపు గడియ వేసి ఉంది. వంటమేస్త్రి అతని వెనక నిలబడ్డాడు. చేతిలో కాగుతున్న నూనె గరిటె. "అయ్యా, తమరికి..." అని మొదలుపెట్టాడు.

నా నోరు తండ్రీ, ఈ తల్లిని కనికరించు అంటోంది. కళ్ళు గరిటె మీద ఉన్నాయి. ఈ రెంటిలో ఏది దేన్ని లాక్కుపోతుందో తెలియడం లేదు. ఒకచోట నాలుక మీదికి నూనె అన్న మాట వచ్చేసింది. "నూనెతో అభిషేకించు," అని సర్దుకున్నాను. పక్క మంచం ఆవిడ దండం పెట్టింది. పేజీ అయిపోయింది. ఇన్‌స్పెక్టరు ఏమన్నాడో తర్వాతి పేజీలో ఉంది. ప్రార్థన ముగించి పుస్తకం మూసేయవచ్చు. పేజీ తిప్పాను.

"ఇంకా ఉందేటి? సదవండి, సదవండి," అంది తల్లి సంతోషంగా.

మా నాయనమ్మ నేర్పింది అయిపోయింది కాబట్టి ఆ పేజీకి సరిపడా ప్రార్థన నేనే కల్పించవలసి వచ్చింది. పసివాడి కోసం, డాక్టరు చేతుల కోసం, పొలాల మీద వానల కోసం. ఇన్‌స్పెక్టరు విస్తరి వైపు చూస్తూ, "రెండూ వెయ్యి," అన్నాడు. ఆమెన్ అన్నాను.

తల ఎత్తేసరికి మంచం మీది మనిషి కళ్ళు తెరిచి ఉన్నాయి. నా ముఖం వైపు కాదు, నా కళ్ళ వైపు చూస్తోంది. అవి వరసల వెంట ఎలా పరిగెత్తాయో ఆమె చూసింది.

"అమ్మా," అంది ఆమె. గొంతు పీలగా ఉంది. "ఫ్లాస్కులో ఏణ్ణీళ్ళు ఐపోయాయి. కింద కొట్టుకాడ పట్టుకురా. గుంటణ్ణి కూడా తీసుకెళ్ళు, ఏడుత్తాడు."

తల్లి వెళ్ళింది. ఆడవాళ్ళు తమ మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. నేను జిప్ వేయబోయాను.

"మీరు సెప్పింది అందులో నేదు బాబూ," అంది.

"లేదు," అన్నాను.

"రాతిరి తలకింద గట్టిగా తగుల్తాందని తీసేను. మా అమ్మ తూగుతాంది. జిప్ తియ్యొద్దన్నారంట గదా, అందుకే తీసేను. నాను టెన్త్ పాసైనానండి." ఊపిరి తీసుకుంది. "గారెలా బూరెలా అన్నకాడ్నుంచి సదవడం ఆపలేపోయేను. కళ్ళు తిరిగేయి. మళ్ళీ సదివేను."

"అది మీ తలకింద ఉండవలసిన పుస్తకం కాదు. పొరపాటున వచ్చింది. తీసుకెళ్ళిపోతాను. దీన్ని పెడతాను." ప్రార్థన పుస్తకం చూపించాను.

"ఎందుకూ?"

"అన్నీ చావులే అందులో."

ఆమె సెలైను సీసా వైపు చూసింది.

"నిన్న సాయంత్రం ఈళ్ళందరూ గుమ్మంలో నిలబడి గుసగుసలాడేరు బాబూ. నాకు అంతా ఇనపడింది. సచ్చిపోతానని బయమేసింది. బిడ్డని సూడ్డానికి కూడా బయమేసింది. ఈ వంటోడు ఒచ్చేక... నా పెద్దదినానికి ఏటొండుతాడా అని ఆలోసించేను. బూరెలెయ్యమంటారనుకున్నాను. మా అత్తకి బూరెలు పడవు. రెండ్రోజులు కడుపు పట్టుకుని కూకుంటాది." పెదవులు కొంచెం వంకరపోయాయి. వెంటనే కడుపు మీద చెయ్యి పెట్టుకుంది, కుట్లు లాగినట్టున్నాయి. "నవ్వొచ్చింది. నవ్వొచ్చేక బయం ఎటెళ్ళిందో తెలీదు. ఇంకా కొన్నే పేజీలున్నాయి. ఒగ్గేయండి."

"మీ అమ్మ..."

"అమ్మకి కవరు సాలు."

అంతలో గుమ్మంలో నర్సు కనపడింది. మెడలో చిన్న సిలువ ఉంది, ఆదివారాలు మా చర్చి వెనక వరసల్లో చూసిన ముఖమే. మంచం దగ్గరికి వచ్చి ఆమె చంకలో థర్మామీటరు పెట్టి, నా చేతిలోని కవరు వైపు చూసింది.

"రాత్రి నుంచి ఈవిడ దిండు కింద ఉన్నది ఇదేనా అండీ? డ్యూటీలో అంతా ఇదే మాట. ఒకసారి ఇవ్వండి, నేనూ ఒక వాక్యం చూసుకుంటాను."

చెయ్యి చాచింది. ముందు బల్లవాడు, ఆమె కూడా వచ్చే చర్చిలోనివాడు, ఎలా కాదంటాడు? నా వేళ్ళు కవరును వదలలేదు. వదలకపోవడం ఎంతసేపు మర్యాదగా ఉంటుందో లెక్క వేసుకుంటున్నాను.

"సిస్టర్," అంది మంచం మీద ఆమె, "ముందు నా తలకింద ఎట్టెయ్యండది. తీసిన కాడ్నుంచి దడదడలాడతాంది."

నర్సు కంగారుగా ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూసింది. నేను వంగి కవరును దిండు కిందకి తోశాను. ఆమె తలను దానిమీద గట్టిగా అదిమి పెట్టి కళ్ళు మూసుకుంది. నర్సు నాడి చూసి, థర్మామీటరు తీసి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది. అప్పటికి తల్లి ఫ్లాస్కుతో వచ్చి నిలబడింది. ఆమె వెనకే అల్లుడు, ఇంజక్షన్ల పొట్లంతో. నర్సు థర్మామీటరును ఒకసారి తిప్పి మళ్ళీ చూసింది.

"నార్మల్‌కి వచ్చేసింది," అంది. "డాక్టరుగారు ఇంకొకసారి చూస్తారు. నాకైతే విశాఖపట్నం అక్కర్లేదనే అనిపిస్తోంది."

తల్లి అక్కడే కూలబడి ఏడ్చింది. పసివాడు కూడా మొదలుపెట్టాడు. అల్లుడు నా చేతులు పట్టుకున్నాడు. "డాక్టరుగారిని రానీ," అన్నాను.

డాక్టరు వచ్చాడు, చూశాడు, పంపనక్కర్లేదన్నాడు. అది విన్నాకే నేను లేచాను. ప్రార్థన పుస్తకం నా సంచిలోనే ఉంది. మంచం మీది మనిషి నావైపు చూడలేదు. దిండు మీద తల కదపకుండా, తల్లి పట్టిన వేణ్ణీళ్ళు చెంచాతో తాగుతోంది.

అతను మెట్ల దాకా నాతో వచ్చాడు.

"పాస్టరుగారూ, మీ పుస్తకం ఇంకెన్నాళ్ళు ఉంచుకోవచ్చండీ? ఆదోరం కావాల గదా మీకు."

"చదవడం అయ్యేదాకా ఉంచుకో."

"మా ఆవిడ సదవదండి. తలకింద ఎట్టుకుంటాది, అంతే."

"అయితే ఆమె చాలన్నప్పుడు ఇవ్వు," అన్నాను.